దౌహృదవర్ణనము: గర్భిణి పలుకు

కావ్యవర్ణనలను గూర్చి మన విమర్శకులు విస్తారముగా వ్రాసియున్నారు. పురము, సముద్రము, శైలము, ఋతువులు, చంద్రోదయము, సూర్యోదయము మొదలైన వానిని మన కవులు ఎట్లు నిర్వహించిరి, ఎవరి మార్గము నెవ రనుసరించిరి, ఎచట నౌచిత్యము తప్పినది అను విషయములపై గ్రంథములకు కొఱతలేదు. దండి కావ్యాదర్శమున పేర్కొన్న వర్ణ్యవస్తువులలో కుమారోదయ మొకటి. దానికి పూర్వాంగముగా గర్భవర్ణనము వచ్చును. ఈ గర్భవర్ణనమును మాత్రము విమర్శకులు 'ఇది కవిసమయము' అను నొక్క మాటతో దాటిపోవుట పరిపాటి యైనది. అట్లు దాటిపోయిన చోట కొంత నిలిచి చూడవలెనని మా యుద్దేశము.

గర్భవర్ణనమునందును మేము గ్రహించునది తొలి మాసముల భాగము మాత్రమే. సంస్కృతమున దీనిని దౌహృద మందురు, తెలుగున వేవిళ్ళందుము. ఈ కాలమునకు ఒక ప్రత్యేకత కలదు. నిండు మాసముల గర్భము లోకమునకు కనబడును. తొలి మాసముల గర్భ మట్టిది కాదు. దాని సంగతి ముందుగా తెలియునది ఆ స్త్రీకే. ఆమె చెప్పిననే ఇతరులకు తెలియును. కావున ఈ భాగమును వ్రాయు కవికి ఒక పరీక్ష యెదురగును. కంటికి కనబడనిదానిని అతడు ఎవరి నోట చెప్పించును? మా ప్రతిపాదన మిది: మన కావ్యములలో గర్భిణి కనబడుచున్నది గాని వినబడుట అరుదు. నేటి వైద్యశాలలో గర్భిణికి జరుగు తొలి పరీక్ష ఆమె మాత్రమే సమాధానము చెప్పగల ప్రశ్నతో ఆరంభమగుచున్నది. ఆ ప్రశ్నను దృష్టియం దుంచుకొని కావ్యములను, స్త్రీల పాటలను, ఆధునిక కవిత్వమును చదివినచో, కవిసమయమని మనము త్రోసివేసిన చోట ఒక గంభీరమైన విషయము కలదని తేలును.

1

మొదట శాస్త్రమును చూతము. చరకసంహిత శారీరస్థానమున గర్భలక్షణముల పట్టిక యొకటి కలదు. ఆర్తవము కనబడకుండుట అందు మొదటిది. తరువాత నోట నీరూరుట, అన్నముపై ఇచ్ఛ లేకపోవుట, వమనము, అరుచి, పులుపుపై కోరిక, నానావిధ వస్తువులను కోరుట, శరీరభారము, కన్నుల వాడుదనము మొదలైనవి వరుసగా వచ్చును. స్తనాగ్రముల నలుపు, రోమరాజి మొదలగు బాహ్యచిహ్నములు వాని తరువాతివి. ఈ క్రమము యాదృచ్ఛికము కాదు. గర్భిణి తానై యెఱుగు లక్షణములు ముందు, చూచువారెఱుగు లక్షణములు వెనుక నున్నవి.

కావ్యము ఈ పట్టికను గ్రహించినది, కాని తలక్రిందు చేసినది. చెక్కిళ్ళ తెల్లదనము, నడుము నిండుట, చనుమొనల నలుపు, నడకయం దలసత, వళులు మాయుట మొదలైన చూడదగిన గుణములు కావ్యమున రాశిపడినవి. శాస్త్రమున మొదటి స్థానము వహించిన ఆర్తవలోపము మాత్రము వర్ణనలనుండి తొలగిపోయినది. వమనము సహితము కావ్యభాషలో అలసతగా మాఱినది. ఔచిత్యమే దీనికి హేతువని చెప్పవచ్చును. ఆ మాటను ముందు విచారింతము. ప్రస్తుతము గమనింపవలసిన దేమనగా, ఆమె చెప్పిననే గాని తెలియని లక్షణము పోయినది. ఆమె చెప్పకున్నను తెలియు లక్షణములు నిలిచినవి.

దౌహృద శబ్దము ద్విహృదయ శబ్దమునుండి వచ్చినదని వైద్యగ్రంథముల నిర్వచనము. శిశువు హృదయము ఏర్పడినప్పటినుండి స్త్రీ రెండు హృదయములు గలది యగును. చరకుడు దీనిని మూడవ మాసమున చెప్పగా సుశ్రుతుడు నాలుగవ మాసమున చెప్పెను. ఆమె కోరిక శిశువు కోరికయే గనుక దానిని తీర్పవలెనని ఇరువురి మతము. సుశ్రుతుడు ఇంకొక యడుగు ముందుకు వేసి, ఏ కోరికకు ఎట్టి సంతానము కలుగునో పట్టికగా చెప్పినాడు. ఈ సిద్ధాంతమున దయ యున్నది. గర్భిణిని బాధింపరాదను నియమ మున్నది. చరకుడే గర్భిణిని నూనె నిండిన పాత్రవలె కదలింపక కాపాడవలెనని చెప్పినాడు. కాని ఇందు ఒక చిక్కు గూడ దాగియున్నది. కోరిక శిశువుదైనచో, కోరిన స్త్రీ యేమైనది? ఆమె నోరు మాత్రమే. పలుకు వేఱొకరిది.

దోహద శబ్దము తరువాత పొందిన అర్థపరిణామము గూడ విచారింపదగినది. కవిసమయమున అది వృక్షములకు సంక్రమించినది. స్త్రీ పాదతాడనముచే అశోకము పూచుననుట దోహదమే. మాళవికాగ్నిమిత్రమున మూడవ అంకము దీనిపై నడచినది. నేటి తెలుగున 'దోహదపడు' అనగా తోడ్పడుట యని అర్థము. నిత్యము వార్తాపత్రికలలో చదువు ఈ మాట ఒకనాడు గర్భిణి నోటి కోరికను చెప్పెడిదని పాఠకులలో ననేకులకు తోచదు. మాట బ్రదికినది, మాట వెనుకనున్న స్త్రీ జారిపోయినది.

2

కాళిదాసుని రఘువంశమున మూడవ సర్గారంభము దౌహృదవర్ణనమునకు మేలుబంతి. సుదక్షిణ శరీరము బడలినది. ఆభరణము లన్నియు ధరింపలేకున్నది. ముఖము లొద్దుగుపువ్వువలె తెల్లబాఱినది. నక్షత్రములు పలుచబడి చంద్రుడు వెలవెలబోయిన వేకువరాత్రితో కవి ఆమెను పోల్చినాడు. తొలి మాసముల నీరసమును ఇంతకన్న సున్నితముగా చెప్పిన కవి అరుదు. ఆమె మట్టి తినుచున్నది. మట్టివాసన గల ఆమె ముఖమును దిలీపుడు ఏకాంతమున ఆఘ్రాణించి తనివిచెందకున్నాడు. పుట్టబోవు కుమారుడు భూమి నేలువాడు గావున ఆమె మనస్సు ముందుగా భూమిపైనే నిలిచినదని కవి ఉత్ప్రేక్షించినాడు. ఇది సుశ్రుతుని సిద్ధాంతమునకు కావ్యరూపము.

అనంతరము వచ్చు శ్లోకమే మాకు ముఖ్యము. ఆమె సిగ్గుచే తన కోరికను చెప్పుట లేదని దిలీపుడు మాటిమాటికి ఆమె చెలికత్తెల నడుగుచున్నాడు. రాజు ప్రేమ నిష్కపటము. అతని యాదరము నిజము. ఆమె కోరినదెల్ల తెప్పించినాడు. అయినను ఆ ఘట్టమంతటిలో సుదక్షిణ ఒక్క మాటయు పలుకలేదు. ఆమె ముఖము మాటలాడినది, మట్టివాసన మాటలాడినది, చెలికత్తెలు మాటలాడినారు. కుమారభృత్యమున నేర్పరులైన వైద్యులు గర్భపోషణము గావించిరని కవి పిదప చెప్పినాడు. సంస్కృత మహాకావ్యమున గర్భిణికడకు వైద్యులు వచ్చిన ప్రశస్తమైన చోటు లలో ఇది యొకటి. ఆ వైద్యు లేమడిగిరో, ఆమె యేమి చెప్పెనో కవి చెప్పలేదు. ఆ శాస్త్రము పేరు గూడ కుమారునిదే గాని తల్లిది కాదు.

మట్టి తినుటను నేటి వైద్యులు మఱియొక విధముగా చదువుదురు. ఆహారము కాని వస్తువులను తినవలెనను కోరికకు ఇనుము లోపించిన రక్తహీనతతో సంబంధము కలదని వైద్యశాస్త్రము గుర్తించినది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము మన దేశమున గర్భిణులలో నూటికి 52.2 మంది రక్తహీనత గలవారు. మట్టిబెడ్డలు, పచ్చిబియ్యము నములు గర్భిణులు మన యిండ్లలో క్రొత్తవారు కారు. కాళిదాసుని వర్ణనము దీనిచే తక్కువపడదు. సుదక్షిణను చూచినవారందఱు ఆ కోరికకు పుత్రునియందు అర్థము వెదకిరి. ఆమె శరీరమునందు వెదకినవారు లేరు అను విషయము మాత్రము దీనిచే స్పష్టపడుచున్నది.

భాగవత కథలోని దేవకి సంగతి ఇంకను తీవ్రమైనది. ఏడవ గర్భము రోహిణికి మాఱినప్పుడు, దేవకికి గర్భము జాఱినదని ఆక్రోశించినవారు పురజనులు. ఎనిమిదవ గర్భమున ఆమె కాంతిని చూచి తన్ను చంపువాడు ప్రవేశించెనని గుర్తించినవాడు కంసుడు. పోయిన గర్భమును పురము చెప్పినది; నిలిచిన గర్భమును శత్రువు కనిపెట్టినాడు. ఆఱుగురు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి తొలి మాసములలో ఏమనుకొన్నదో వినవలెనను కుతూహలము పాఠకునకు మిగిలిపోవును.

3

గర్భిణిని అడిగిన చోటు మన సాహిత్యమున లేదా? కలదు. అది ఉత్తరకాండము. శ్రీరాముడు సీతయందు గర్భచిహ్నములను చూచి, నీ కోరిక యేమని ఆమెనే అడిగినాడు. ఆమె చెలికత్తెల నోట గాక తన నోటనే చెప్పినది. గంగాతీరమున మునుల యాశ్రమములను చూచి అచట నొక రాత్రి యుండవలెనని ఆమె కోరిక. ఆ వెంటనే లోకాపవాదము రాముని చెవిని బడినది. ఆ కోరికయే ఆమెను అడవికి పంపుటకు మిషయైనది. తిక్కన నిర్వచనోత్తర రామాయణమును, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమును ఈ కథను తెలుగువారికి పరిచితము గావించినవి. భవభూతి ఉత్తరరామచరితమున గర్భిణి కోరినదెల్ల వెంటనే తీర్పవలెనని పెద్దలు సందేశము పంపినట్లు కల్పించి, ఆ వైపరీత్యమును మఱింత పదునుపెట్టినాడు.

విమర్శకులు ఈ ఘట్టమున రాజధర్మమును, కరుణరసమును చర్చించిరి. మేము దౌహృదము వైపునుండి దీనిని చూడుడని కోరుచున్నాము. గర్భిణి తన నోట తన కోరికను చెప్పిన ప్రసిద్ధ ఘట్టమున ఆ పలుకే ఆమెకు పాశమైనది. సుదక్షిణ మౌనము, సీత పలుకు, ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, సిగ్గు అను అలంకారము వెనుక భయ మను వస్తువు కొంత యున్నదేమో యని తోచును.

శకుంతల కథ దీనికి మూడవ సాక్ష్యము. కాళిదాసుని నాటకమున ఆమె గర్భవతి యని కణ్వునకు తెలిపినది అశరీరవాణి. కొలువున దుష్యంతు డామెను తెలియదనగా ఆమె మాట నిలువలేదు, ఉంగరము కావలసివచ్చినది. మహాభారతమున ఆమె పుత్రునితో వచ్చి ధర్మము నుగ్గడించి వాదించినది. నన్నయ శకుంతల వాక్కు తెలుగున ప్రసిద్ధము. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని శృంగార శాకుంతలము మన యెదుట నుండనే యున్నది. ఇతిహాసమున బిడ్డ ప్రక్కన నిలిచినప్పుడు స్త్రీ గట్టిగా మాటలాడినది. బిడ్డ ఇంకను కడుపున నున్నప్పుడు ఆమె పలుకునకు ప్రమాణము చాలలేదు. ఇతిహాసమునకు కావ్యమునకు గల ఈ భేదము ఆదిపర్వములోని గాంధారి యందును కానవచ్చును. రెండేండ్లు గర్భము మోసి, కుంతికి పుత్రుడు కలిగెనని విని దుఃఖముచే కడుపు తాడించుకొన్న గాంధారి మనస్సును ఇతిహాసము దాచలేదు. మహాకావ్యము సౌందర్యమును కోరి దానిని దాచినది.

4

ఇక తెలుగువారి ఇంటిమాటలకు వత్తము. గర్భము నిలిచెననుటకు మన స్త్రీలు 'నెల తప్పినది' అందురు. కావ్యము తొలగించిన ఆర్తవలోపమును, శాస్త్రము మొదట చెప్పిన లక్షణమును, ఇంటి పలుకుబడి తన తలపై పెట్టుకొన్నది. 'నీళ్ళు పోసికొన్నది', 'వట్టి మనిషి కాదు' అను పలుకుబడులును కలవు. వీనిలో నెచటను చెక్కిళ్ళ కాంతి ప్రసక్తి లేదు. కాలము, శరీరము, జాగ్రత్త వీనిలో నున్నవి. 'ఎన్నవ నెల?' అని పెద్ద ముత్తైదువ అడుగును. ఆ అడుగుట చెలికత్తెలను గాదు, ఆమెనే.

స్త్రీల పాటలు ఈ ఇంటిమాటకు విస్తారరూపములు. ఆంధ్ర సారస్వత పరిషత్తువారు ప్రకటించిన స్త్రీల రామాయణపు పాటలును, బిరుదురాజు రామరాజుగారి జానపద గేయసాహిత్య పరిశోధనమును ఈ సంపదను విద్వల్లోకమునకు చూపినవి. వెల్చేరు నారాయణరావుగారు 1991లో వెలువడిన తమ ఆంగ్లవ్యాసమున ఈ పాటలలో యుద్ధములకన్న వేవిళ్ళు, పురుడు, స్నానము, ఊయెల, పెండ్లి ప్రధానములని నిరూపించిరి. వాల్మీకమున కౌసల్య గర్భము పాయసముతో ముడిపడిన దైవఘటన. పాటలో కౌసల్యకు వేవిళ్ళు వచ్చును. పాయసము త్రాగిన రాణి పాయసము సహింపని స్త్రీగా మాఱుటలో పాటకత్తెల సాహిత్యదృష్టి యున్నది. వేవిళ్ళ పాటలలో నెలకొక కోరిక చొప్పున వచ్చు కట్టు మనకు సుపరిచితము. ఆ కట్టును పునరుక్తి యని కొందఱు చులుకన చేసిరి. మాకు అది గణనముగా తోచుచున్నది. ఆయుర్వేదమున మాసానుమాసికముగా ఆహారనియమ మున్నట్లే, పాటయందు మాసానుమాసికముగా ఆమె వాక్కు ఉన్నది. పాడునది స్త్రీ, వినునది స్త్రీ, కోరునది స్త్రీ. కావున పాటలో మౌనమునకు పని లేకపోయినది.

అయినను ఇంటి ఆచారమును పూర్తిగా మెచ్చుకొనుటయు సరికాదు. మూడవ నెల నిండువఱకు సంగతి బయట పెట్టరాదను నియమము మన ఇండ్లలో కలదు. దృష్టిదోష మను పేర చెప్పినను దీనికి అనుభవమే మూలము. గర్భస్రావములలో అధికభాగము తొలి పండ్రెండు వారములలోనే జరుగును. చెప్పిన తరువాత పోయినచో నలుగురికి సమాధానము చెప్పవలసిన దుఃఖమునుండి ఆ నియమ మామెను కాపాడును. కాని అదే నియమము ఆమెను వైద్యునికడకు పోకుండ గూడ ఆపును. పుంసవన మను సంస్కారము సాధారణముగా మూడవ నెలలో విధింపబడినది. దాని పేరే పుత్రార్థమని చాటుచున్నది. తల్లికై తొలి మాసములలో విధింపబడినది మౌనము. పుత్రునికై విధింపబడినది మంత్రము.

5

ఇప్పుడు వైద్యశాలకు పోవుదము. సాహిత్యవ్యాసమున దీని ప్రసక్తి యేల యని సందేహింపవలదు. అడుగువాడు, చెప్పునది, వ్రాసికొనునది, ఈ మూడును గల చోట వాఙ్మయ సంబంధము ఉండనే యున్నది.

ప్రసవమునకు ముందే గర్భిణికి వైద్యసహాయము ఉండవలెనను భావము ఆధునిక వైద్యమున బలపడినది ఇరువదవ శతాబ్ది ఆరంభమున. ఎడింబరో నగర వైద్యుడు బాలంటైన్ 1901లో ఇందుకై వాదించెను. బ్రిటిషు ఆరోగ్య మంత్రిత్వశాఖవారి 1929 నాటి పత్రము తొలి పరీక్షను 16వ వారమున నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో, మొత్తము ఎనిమిదిమారులు చూడవలెననియు, తొలిమారు 12 వారములలోపల జరుగవలెననియు సూచించినది. ఈ తేదీల పురోగమనమున మాకు ఒక అర్థము తోచుచున్నది. 16వ వారమున గర్భము చూచువారికి తెలియజొచ్చును. 12వ వారములోపల అది ముఖ్యముగా ఆమె మాటయందే యున్నది. శాస్త్రము కనబడు గర్భమునుండి వినబడు గర్భమువైపు వెనుకకు జరిగినది.

తొలి పరీక్షలో తొలి ప్రశ్న కడపటి ముట్టు మొదటి దిన మేదియని. దానికి తొమ్మిది మాసముల ఏడు దినములు కూడి ప్రసవదినమును కట్టుదురు. జర్మను ప్రసూతివైద్యుడు నేగెలె పేర ఈ లెక్క ప్రసిద్ధము. మొత్తము 280 దినములు. ఈ లెక్కలో ఒక విచిత్రము కలదు. గర్భము సాధారణముగా ముట్టైన రెండు వారములకు గాని నిలువదు. ఐనను ఆ రెండు వారములును గర్భకాలమున చేరుచున్నవి. ఏలయన, నిలిచిన దినము ఎవరికిని తెలియదు. ముట్టైన దినము ఆమెకు తెలియును. 'నెల తప్పినది' అను ఇంటిమాటయే ఇట విజ్ఞానమునకు ఆధారశిల యైనది.

పిదప అడుగు ప్రశ్నలును అట్టివే. ఇంతకుముందు గర్భములు నిలిచినవా, జాఱినవా? మేనరికమా? ఇంట చక్కెరవ్యాధి గలదా? ఏ మందులు వాడుచున్నావు? అన్నము నిలుచుచున్నదా? ఆ తరువాతనే బరువు, రక్తపుపోటు, రక్తవర్గము, హిమోగ్లోబిన్, మూత్రపరీక్ష మొదలైనవి. చరకుని పట్టికలో వలె పలుకు ముందు, చూపు వెనుక.

ఫోలిక్ ఆమ్లపు మాత్ర నిచ్చుట తొలి పరీక్షలో ముఖ్యాంశము. శిశువు మెదడునకు, వెన్నుపామునకు మూలమైన నాళము గర్భము నిలిచిన నాలుగు వారములలో, అనగా ముట్టునుండి లెక్కించిన ఆఱు వారములలో, మూసికొనును. ఈ మాత్ర గర్భమునకు ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల చొప్పున వాడదగినదని వైద్యులు చెప్పుదురు. బొంబాయి నగరమున గర్భిణుల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్ అను వైద్యురాలు 1931లో ప్రకటించిన ఫలితములు ఈ పదార్థము నెఱుగుటకు దారితీసినవి. 1940 దశకమున దానిని కృత్రిమముగా నిర్మించిన లెడర్లె పరిశోధనాలయ బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948). ఒక తెలుగు గర్భిణి అరచేత నుంచుకొన్న ఆ చిన్న మాత్రలో తెలుగువాని ప్రజ్ఞ కలదు. కాని ఆలస్యముగా చెప్పిన గర్భమునకు ఆ మాత్ర ఆలస్యముగానే అందును. మౌనము కావ్యమున అలంకారము. ఇచట అది నష్టము.

ఇదివఱకు చూచిన సర్వేక్షణమే తొలి మూడు మాసములలో పరీక్ష జరిగిన తల్లులు దేశమున నూటికి 70 మంది యని చెప్పుచున్నది. అంతకు ముందు 2015–16లో వీరి సంఖ్య 58.6. వృద్ధి సంతోషదాయకమే. మిగిలిన ముప్పదిమంది ఎందుకు రాలేదో సంఖ్య చెప్పదు. అది చెప్పవలసినది సాహిత్యము.

6

ఇచట రెండాక్షేపములు రాగలవు. మొదటిది: కావ్యము వైద్యగ్రంథము కాదు, ముట్టు, వమనము రసభంగకరములు, కవులు వానిని వదలుట ఔచిత్యమే. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాళిదాసు వేకువరాత్రి యుపమానమును విడిచి వైద్యుని పట్టిక వ్రాయవలెనని మే మనుట లేదు. కాని ఔచిత్యము వస్తువును బట్టి యుండును గాని, వస్తువును చంపునది కాదు. యుద్ధవర్ణనమున నెత్తురును, ప్రేవులను విస్తారముగా వర్ణించిన కవులు రసభంగమునకు భయపడలేదు. భయానక బీభత్సములకు కావ్యమున చోటున్నప్పుడు, ప్రాతఃకాలమున లేవలేని స్త్రీ బాధకు చోటు లేకపోవుట రసశాస్త్రము చేసిన నిర్ణయము కాదు. చూచువాడెవ్వడను దానిపై ఆధారపడిన నిర్ణయము.

రెండవ ఆక్షేపము బలమైనది. నేటి వైద్యము గూడ కంటినే నమ్ముచున్నదిగదా? 1958లో గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డు బృందము ప్రకటించిన ధ్వనితరంగ పరీక్ష నేడు అంతట వ్యాపించినది. తొలి మాసములలో శిశువు పొడవు కొలిచి వయస్సు కట్టుదురు. స్త్రీ చెప్పిన తేదీకిని దానికిని ఎక్కువ భేద మున్నచో యంత్రము తేదీనే గ్రహింతురు. నిజమే. దిలీపుని చూపు యంత్రమునకు వచ్చినది. ఆ చూపును కుమారోదయమునకే వినియోగించినవారు గూడ మనలో నుండుటచేత 1994లో లింగనిర్ధారణ నిషేధ శాసనము చేయవలసివచ్చినది. కావ్యశాస్త్రములోని ఒక శీర్షిక లోకమున ఎట్టి క్రౌర్యము దాల్చగలదో ఆ శాసనము తెలుపుచున్నది. అయినను యంత్రము వయస్సును చెప్పునే గాని, అరుచిని, భయమును, ఈ గర్భము ఆమెకు సమ్మతమా కాదా యను దానిని చెప్పదు. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి శాసనము వయోజన స్త్రీ విషయమున ఆమె సమ్మతినే అడిగినది, భర్త సమ్మతిని గాదు. శాసనము గూడ కడకు ఆమె పలుకువద్దనే నిలిచినది.

ఆధునిక కవయిత్రులు ఈ పలుకును తీసికొన్నారు. కొండేపూడి నిర్మల ప్రసవగృహమును, పాటిబండ్ల రజని గర్భస్రావమును కవితావస్తువులుగా చేసినప్పుడు కొందఱు విమర్శకులు ఔచిత్యప్రశ్ననే మరల లేవదీసిరి. మా దృష్టిలో వారు వేవిళ్ళ పాటకత్తెలకు వారసురాండ్రు. కాని ప్రసవమును, విచ్ఛిత్తిని చెప్పినంత విరివిగా తొలి వారములను మన సాహిత్యము చెప్పలేదు. ఎవరికిని చెప్పక దాచుకొన్న పదిదినములు, వైద్యుని వాకిట వరుసలో నిరీక్షణము, ప్రశ్న తన్నడిగినప్పుడు ప్రక్కనున్న అత్తయో భర్తయో సమాధానము చెప్పుట, ఇవి కథకు చాలినంత వస్తువులు. దిలీపుడు చెలికత్తెల నడిగిన ఘట్టము నేటి వైద్యశాలలో దినదినము జరుగుచునే యున్నది.

కావున గర్భవర్ణనమును బోధించునప్పుడును, విమర్శించునప్పుడును మూడు ప్రశ్నలు వేయవలెనని మా సూచన. చూచుచున్న దెవరు? అడుగుచున్న దెవరిని? సమాధాన మెవరి నోట వచ్చినది? ఈ మూడింటిచే పరీక్షించినచో ఏకరూపముగా తోచు వర్ణనలలో గూడ కవికి కవికి గల భేదము తేలును. కాళిదాసు సౌకుమార్యము తగ్గదు, సీత ఘట్టము బరువు పెరుగును, వేవిళ్ళ పాటకు రావలసిన గౌరవము వచ్చును.

విశ్వవిద్యాలయ శాఖలు చేయదగిన కార్యము కూడ ఒకటి కలదు. ఉభయ తెలుగు రాష్ట్రములలో నూటికి 96కు పైగా ప్రసవములు వైద్యశాలలలోనే జరుగుచున్నవని పైసర్వేక్షణము చెప్పుచున్నది. తల్లుల ప్రాణములకు ఇది రక్షణ. పాటకు మాత్రము పుట్టినింటి సావడి పోయినది. వేవిళ్ళ పాటలు వచ్చిన పెద్దలు ఇంకను ఉన్నారు. ఆ పాటలను సేకరించునప్పుడు పాఠమును మాత్రము వ్రాసికొని తృప్తిపడక, ఎవరు ఎవరికి ఏ నెలలో పాడిరో, పాడినప్పుడు ఆ గర్భిణి ఏమి పలికినదో గూడ వ్రాసికొనవలెను. పరిశోధక విద్యార్థులు దీనిని ఈ సంవత్సరమే ఆరంభించుట మంచిది.